కొండ్రేవు బానచెట్లు

మా గురువుగారు కొమ్మనార్యులవారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మోక్షం అంటే ఏమిటని అడిగిన శిష్యుణ్ణి జాలరుల దగ్గరికి వెళ్ళి వలలకు ముడులు వేసి రమ్మన్నారు. వాడు పదకొండేళ్ళు ముడులు వేసి, ప్రశ్న సంగతే మరిచిపోయి, పెళ్ళి చేసుకుని అక్కడే స్థిరపడ్డాడు. గురువుగారు దాన్ని చక్కని జవాబుగానే భావించేవారు.

శిష్యులం నలభైమందిమి. అందులో నేను, సింగన్నను, నోరున్నవాణ్ణి. నేను ఆయన్ని అడిగిన ప్రశ్నలు తాటాకుల మీద రాయించి పరిస్తే ఆశ్రమం పక్కనున్న ఉప్పుటేరుకు వంతెన అయ్యేది. నేను గొంతెత్తితే ఏటి అవతలి ఒడ్డున కట్టేసిన ఎద్దులు నెమరు ఆపి మెడ తిప్పి చూసేవి. ఆ ఎద్దులూ లేవు, వాటిని కాసినవాళ్ళూ లేరు గనక మీరు నా మాట నమ్మక తప్పదు.

అలాంటి నేను ముప్ఫై ఏళ్ళ వయసులో, ఒక ఉదయం, గురువుగారి పాక ముందు నిలబడి ఒక ప్రశ్న అడిగాను. దానికి జవాబు రావడానికి నాలుగేళ్ళు పట్టింది. వచ్చిన జవాబు నాకు నచ్చలేదు. యాభై ఏళ్ళు దాటిపోయాయి, ఇప్పటికీ నచ్చలేదు.

కొండ్రేవు సంగతి చెప్పకుండా ఆ ప్రశ్న చెబితే మీకు అందదు. ఉప్పుటేటికి మేము ఈవల, పట్నం ఆవల. కొండ కాళ్ళ దగ్గరే సముద్రం, ఆ సముద్రం ఒడ్డున రేవు, రేవు వెనక ఒకదాని వెనక ఒకటిగా పదకొండు వీధులు. ఆ రోజుల్లో అక్కడ ఓడలు ఎంత ఒత్తుగా నిలిచేవంటే, ఒకసారి నేను కాలు తడవకుండా ఓడ మీంచి ఓడ మీదికి దూకుతూ ఎదురుగా ఉన్న లంకదాకా పోయి, అక్కడ భోజనం చేసి, కాసేపు కునుకు తీసి, అదే దారిన తిరిగి వచ్చాను. మిరియాలు, గంధం, దంతం, నూలుబట్టలు గుట్టలుగా పడి ఉండేవి. పట్నంలో బిచ్చమెత్తే చెయ్యి ఒక్కటీ కనిపించేది కాదు. ప్రతి ఇంటికీ ఏటేటా సున్నం ప్రభువుగారి ఖర్చుతోనే. ఎండలో ఆ గోడలకేసి చూడాలంటే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోవలసి వచ్చేది.

ఆ సిరికంతటికీ మూలం వీధిమార్పు అని పెద్దలు చెప్పేవారు. నాలుగేళ్ళకోసారి ఇళ్ళు మారేవి. ఎవరి చేతిమీదుగా రేవుకు ఎక్కువ సరుకు నడిచిందో వాళ్ళకు రేవు దగ్గరి వీధిలో ఇల్లు. తగ్గినవాళ్ళు వెనక వీధికి. ఇల్లు లేకుండా పోవడం అన్నది లేదు, ఇల్లు మారడమే. సామాను మోసే బండ్లు కూడా ప్రభువుగారివే. మనిషి ఒకచోట పాతుకుపోతే బద్ధకిస్తాడని, కదులుతూ ఉంటే రాజ్యమూ ముందుకు కదులుతుందని, వెనకటి ప్రభువు ఎవరో కనిపెట్టాడట. కనిపెట్టిన రోజునుంచీ రేవులో ఓడలు పెరుగుతూనే ఉన్నాయి గనక తప్పు పట్టేందుకు ఎవరికీ నోరు రాలేదు.

మార్పుల జాబితా చదివే రోజున రేవు మైదానంలో పెద్ద సభ. జనమంతా చంకల్లో మూటలు పెట్టుకుని వచ్చేవారు. జాతరలాంటిది కదా, చద్దిమూటలై ఉంటాయని నేననుకునేవాణ్ణి. ప్రభువు "సుఖమేనా?" అని జాబితా చదవకముందు ఒకసారి, చదివిన తరువాత ఒకసారి అడిగేవారు. రెండుసార్లూ "సుఖమే!" అని జనం వేసే కేకకు రేవులో తెరచాపలు ఉబ్బేవి. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. తెరచాపలు నిజంగానే ఉబ్బేవి. ఆ వేళకు రోజూ గాలి తిరుగుతుంది.

ఆ సభలో పరదేశపు వర్తకుల ముందు రాజ్యాన్ని కీర్తించే ఉద్యోగం ఒకటి ఉండేది. చేస్తూ వచ్చిన పెద్దాయనకు పళ్ళన్నీ ఊడి, 'సిరిసంపద' అన్న మాట ఈలగా వినిపించడం మొదలైంది. కొత్తవాణ్ణి వెతుకుతూ ప్రభువుగారి మనుషులు ఏరు దాటి నా దగ్గరికి వచ్చారు. నా కోసం పల్లకి, వెనక ఏనుగు వచ్చాయని చెప్పడం నాకు అలవాటు. నిజానికి వచ్చింది ఒక గుమాస్తా, నడిచే వచ్చాడు. ఈ కథలో మాత్రం నిజం చెబుతున్నాను. నాలుగేళ్ళకు జరిగే తరువాతి సభ నాటికి ప్రసంగం సిద్ధం చేసుకొమ్మన్నాడు.

మరునాడే గురువుగారి ముందు నిలబడ్డాను.

"స్వామీ, ఈ రాజ్యం ఎంత బలంగా ఉందో తమరు చూస్తూనే ఉన్నారు. కోశం నిండుగా ఉంది, రేవు నిండుగా ఉంది. అలాంటి చోట బతికేవాళ్ళకు అక్కడ బతకడం సుఖంగా ఉన్నట్టే కదా? సభలో ఆ మాట చెప్పడానికి నాకు అడ్డేమైనా ఉందా?"

గురువుగారు పాక వెనక్కి వెళ్ళారు. మొలకెత్తిన కొబ్బరికాయలు మూడు తెచ్చి నా చేతుల్లో పెట్టారు. ఒక్కో మొలక మూరెడు పొడవుంది.

"పట్నంలో ఇచ్చి రా. నేలలో పాతేవాళ్ళకే ఇవ్వు."

నాకు నవ్వొచ్చింది. ఆ సీమలో కొబ్బరిమొక్క ఇస్తానంటే కాదనేవాడు ఉంటాడా? బిడ్డకు పేరు పెట్టిన రోజున ఆ పేరున ఒక కొబ్బరిమొక్క పెట్టడం అక్కడి ఆచారం. ఆ చెట్టు మొదటి గెల ముదిరాక, కాయ తీసి బిడ్డ చేతికిచ్చి వీధి నడుమ కొట్టిస్తారు. ఆనాటినుంచి ఆ బిడ్డ ఊరి మనిషి. పదిమందిలో నోరు విప్పి మాట్లాడే హక్కు ఆ కాయతోనే వస్తుంది. కాయ కొట్టని మనిషి ముసలివాడైనా సరే, ఊరికి చుట్టపు చూపుగా వచ్చినవాడి కిందే లెక్క.

మూడు మొక్కలూ రేవు వీధి దాటకుండానే అయిపోతాయనుకుని ఏరు దాటాను. అంతకుముందు రేవు, మైదానం తప్ప వీధుల లోపలికి నేనెన్నడూ పోలేదు.

రేవు వీధిలో మొదటి ఇల్లు ఒక గంధం వర్తకుడిది. అరుగు మీద వరసగా పెద్ద పెద్ద మట్టి బానలు, ప్రతి బానలోనూ ఒక కొబ్బరిచెట్టు. చెట్టు అంటే మీరు ఆకాశంకేసి చూడకండి. నా భుజం ఎత్తు దాటింది ఒక్కటీ లేదు. కాండం మాత్రం ముదురుగా, మొద్దుగా, పెద్దవాడి మొహం పెట్టుకున్న మరుగుజ్జులా ఉంది. బానల కింద కొయ్య చక్రాలు!

"చక్రాలెందుకండీ?" అన్నాను.

"మార్పు రోజున తేలిగ్గా ఉంటుందని. మా పిల్లల చెట్లండి ఇవి. పెద్దవాడిది అదిగో, ఇరవై రెండేళ్ళది."

"గెల వేసిందా?"

"బానలో గెలేమిటండీ, మీరు మరీను!"

మొక్క ఇస్తాను, నేలలో పాతమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నేలలోనా? నేల ఎవరిదని?"

"ఈ ఇల్లు మీదే కదా?"

"ఇల్లు నాదే. నాలుగేళ్ళ తరువాత ఏ ఇల్లిస్తే అదీ నాదే. ఇదే నాదని మాత్రం ఎలా చెప్పను?"

"అయితే కష్టంగా ఉందన్నమాట."

ఆయన నవ్వు ఆగిపోయింది. వీధికి అటూ ఇటూ చూశాడు. "కష్టమని నేనన్నానా? సుఖంగా ఉంది. ఎవరైనా అడిగితే సుఖంగా ఉందన్నాడని చెప్పండి," అని తలుపు వేసుకున్నాడు.

ఆ రోజు నేను తొమ్మిది వీధులు తిరిగాను. నా కాలి ముద్రలు ఆ రాళ్ళ మీద ఇప్పటికీ ఉన్నాయని కొందరు అంటారు. అన్ని వీధుల్లోనూ తెల్లటి గోడలు, అన్ని అరుగుల మీదా బానలు. ఉన్నవాళ్ళకు చక్రాలు, లేనివాళ్ళకు మోసుకుపోవడానికి తాళ్ళు. ఆ పట్నంలో యాభై ఏళ్ళుగా ఏ బిడ్డా కాయ కొట్టలేదు. అంత పెద్ద ఊళ్ళో ఊరి మనిషి అన్నవాడు ముసలివాళ్ళలో తప్ప లేడు. ఆ సంగతి ఎవరూ గమనించలేదో, గమనించి నోరు మూసుకున్నారో నాకు తెలియదు.

తొమ్మిదో వీధిని పీచు వీధి అనేవారు. కొబ్బరి పీచుతో ఓడల మోకులు పేనేవాళ్ళు అప్పట్లో అక్కడ ఉండేవారు. అక్కడ నూకాలు అనే మనిషి వీధి పొడుగునా మోకు సాగదీసి మెలితిప్పుతోంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. అరిచేతులు చెట్టు బెరడులా ఉన్నాయి. రేవులో నిలిచిన ప్రతి ఓడనూ ఒడ్డుకు కట్టి ఉంచేది ఆ చేతులే. ఆమె కూతురు పైడి, పదకొండేళ్ళది, రెండో కొస పట్టుకుని నిలబడింది. వాళ్ళ గుమ్మం పక్కన బానలో పైడి చెట్టు ఉంది. బాన నిలువునా పగిలింది. పగులులోంచి వేళ్ళు బయటికి వచ్చి, మట్టి దొరక్క, బాన చుట్టూ తాడులా చుట్టుకున్నాయి.

"ఇది నాలుగో బాన బాబూ," అంది నూకాలు. "ఇంతకంటే పెద్ద బాన కుమ్మరోడు చెయ్యనన్నాడు. ఈ వానలకి నేలలో పెట్టకపోతే చచ్చిపోద్ది."

"మరి పెట్టు. ఇదిగో, ఇంకో మొక్క కూడా ఇస్తాను."

"పెట్టీసి? నాలుగేళ్ళకి బండొస్తే చెట్టుని ఎక్కించుకోనా?" ఆమె మోకు వదిలి నాకేసి చూసింది. "ఏటి బాబూ, తవరు సభలో మాటాడే మనిషటగా? మా ఓడ సరంగులు చెప్పుకుంటన్నారు. తవరు ఒక మాట ప్రభువుతో అనగలరా? ఈ పిల్ల కాయ కొట్టేదాకా మమ్మల్ని ఈ గుమ్మంలోనే ఉండనియ్యమని? ఒక్క కాయ బాబూ. ఆ తరవాత పదకొండో వీధిలో పడీసినా అడగను."

అయ్యలారా, ఆ క్షణంలో నేను తెలియదనవచ్చు. కనుక్కుంటాననవచ్చు. అప్పటికి నేను ప్రభువును సభలో దూరంనుంచి తప్ప చూడలేదు. కానీ వీధి జనం మోకులు వదిలి చుట్టూ చేరారు. పదిమంది చేరితే నా ఛాతీ దానంతట అదే పొంగుతుంది. అది నా చేతిలో పని కాదు.

"ఒక్క కాయ ఏమిటమ్మా!" అన్నాను. ఆ కేకకు పై వీధుల్లో తలుపులు తెరుచుకున్నాయి. "ఈ సింగన్న నోరు విప్పితే ప్రభువు సింహాసనం మీంచి సగం లేస్తాడు! నేను రెండో మాట అనేలోపు మంత్రులు శాసనం చెక్కే రాగిరేకు, ఉలి తెప్పిస్తారు! పాతు. నీ పిల్లే కాదు, నీ మనవరాలి మనవరాలు ఇదే గుమ్మంలో కాయ కొడుతుంది. మాట ఇచ్చాను!"

వెనకనుంచి ఒక ముసలాయన, "మాట బాగుంది. మరి ఎవరి మాటో?" అన్నాడు. నేను విననట్టు ఊరుకున్నాను.

నూకాలు చాలాసేపు నా మొహంలోకి చూసింది. తరువాత పార తెచ్చింది. గొయ్యి తవ్వి, బానను చెక్కలు చెక్కలుగా ఊడదీసి, ఆ చుట్టుకున్న వేళ్ళను ఒక్కొక్కటే విప్పుతూ చెట్టును నేలలో దింపింది. జడ విప్పినట్టు విప్పింది. పైడి మొదలు చుట్టూ మట్టి తొక్కింది. నేనిచ్చిన మొక్కను పక్కనే పెట్టారు. బాన పెంకుల్ని మాత్రం నూకాలు పారేయలేదు. ఏరి, గోనెలో కట్టి, అటక మీద పెట్టింది. నేను చూశాను. చూసి, పొదుపు మనిషి అనుకున్నాను.

మిగిలిన రెండు మొక్కలతో ఆశ్రమానికి తిరిగి వచ్చి, జరిగింది వీలైనంత పెద్దదిగా చెప్పాను. గురువుగారు రెండు మొక్కలూ తీసుకుని పాక ముందు ఇసుకలో పాతారు.

"ఒకరే పాతారా?" అన్నారు.

"ఒకరే. కానీ స్వామీ, నా మాట మీద!"

గురువుగారు చేతికంటిన ఇసుక దులుపుకున్నారు.

తరువాతి నాలుగేళ్ళూ నా జీవితంలో గొప్ప రోజులు. పైడి చెట్టు నేల తగలగానే ఏం చేసిందో చూసినవాళ్ళు చెబుతారు. పదకొండేళ్ళు దాచుకున్న ఎదుగుదల ఒక్కసారి బయట పెట్టింది. మొదటి వానాకాలంలోనే ఇంటి చూరు దాటింది. రాత్రిపూట చెవి ఆనిస్తే ఎదుగుతున్న చప్పుడు వినిపించేది. అది చూసి పక్కింటివాళ్ళు బాన పగలగొట్టారు. వాళ్ళను చూసి ఎదురింటివాళ్ళు. నేను వెళ్ళిన ప్రతిసారీ, "పాతండి, నేనున్నాను!" అంటూ వీధి ఈ చివరనుంచి ఆ చివరికి నడిచేవాణ్ణి. రెండేళ్ళు తిరిగేసరికి పీచు వీధిలో నలభై చెట్లు నేలలోకి దిగాయి. తెల్లటి గోడల పట్నంలో అది ఒక్కటే పచ్చని వీధి. మధ్యాహ్నం పూట మోకులు నీడలో పేనేవారు. జనం అరుగుల మీద కూర్చోవడం నేర్చుకున్నారు. ఒకడు గుమ్మం పక్కన దూడను కట్టుకున్నాడు. ఇంకొకడు నూతికి రాతి చప్టా కట్టించాడు. మోసుకుపోలేని వస్తువు ఆ పట్నంలో ఒకరు చేయించడం అదే మొదలు.

నాలుగో ఏట పైడి చెట్టు గెల వేసింది. సభ నాటికి కాయలు పీకల దాకా నీళ్ళతో నిండాయి, ఇంకా ముదరలేదు. రెండు నెలలు ఆగాలి.

సభకు ముందురోజు నూకాలు ఆశ్రమానికి వచ్చింది. గురువుగారికి దణ్ణం పెట్టి, నా దగ్గరికి వచ్చి, "రేపే కదా బాబూ," అంది. ఆమె వెనక పైడి నిలబడింది. పదిహేనేళ్ళ పిల్ల, చెట్టులాగే నిటారుగా.

"రేపు," అన్నాను. "రేపు చూడు."

నా ఎత్తు ఏమిటంటే, ముందు పీచు వీధిని కీర్తించాలి. ఆ చెట్లను వర్తకుల కళ్ళకు కట్టించాలి. రాజ్యానికి ఇంత శోభ తెచ్చినవాళ్ళు వీళ్ళు, వీళ్ళను ఆ గుమ్మాల్లోనే శాశ్వతంగా ఉండనివ్వండి ప్రభూ అని ఆఖరున అడగాలి. ఎవరైనా ఒప్పుకుంటారు. మంచి ఎత్తే. ఒక్కటే లోపం. నా ప్రసంగానికి ఆఖరు అనేది అంత దగ్గరలో ఉండదు.

మరునాడు మైదానం ఎప్పటిలాగే చంకల్లో మూటలున్న జనంతో నిండింది. ప్రభువు "సుఖమేనా?" అన్నారు. "సుఖమే!" అన్నారు జనం. నన్ను పిలిచారు. లేచాను.

ఆనాడు మాట్లాడినట్టు నేను మళ్ళీ ఎన్నడూ మాట్లాడలేదు. ఇందులో అతిశయం లేదు. ఓడల్లో ఉన్నవాళ్ళు కూడా తెడ్లు ఆపి విన్నారు. నలభై చెట్లను నాలుగు వందలు చేశాను. ఆ నీడ ఎంత చల్లగా ఉంటుందంటే అందులో పెట్టిన నెయ్యి ఎండాకాలంలో కూడా పేరుకునే ఉంటుందన్నాను. ఆ వీధిలో నడిచినవాడికి జ్వరం దిగిపోతుందన్నాను. అక్కడి బోండాం నీళ్ళు తాగిన ఓడ సరంగు సముద్రాన్ని మరిచిపోయి ఒడ్డునే ఉండిపోయాడన్నాను. పరదేశపు వర్తకులు మెడలు చాచారు. నాకు ఆనందం తలకెక్కింది. ఇంకొక ఉపమానం, ఇంకొకటి. కోరిక నాలుక చివరనే ఉంది. ఇదొక్కటి చెప్పి అడుగుదాం, ఇదొక్కటి చెప్పి అడుగుదాం అనుకుంటున్నాను.

ఇంతలో వర్తకుల పెద్ద లేచాడు. ఎర్రటి గడ్డం, భారీ మనిషి.

"ప్రభూ, ఎండకు తాళలేక మావాళ్ళు ఈ రేవులో రెండు రోజులకు మించి ఆగడం లేదు. ఈయన చెప్పిన ఆ వీధి మాకు ఇప్పించండి. గిడ్డంగులు కట్టుకుంటాం, మావాళ్ళు అక్కడే ఉంటారు. ఏటా పన్నెండు ఓడలు వేరే రేవు మొహం చూడకుండా ఇక్కడికే వస్తాయి."

ప్రభువు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇచ్చాం," అన్నారు.

చప్పట్లు మోగాయి. ప్రభువు తన చేతి కంకణం తీసి, నన్ను దగ్గరికి రమ్మన్నారు. నేను అక్కడ నిలబడే ఉన్నాను. ప్రభువుకూ నాకూ మధ్య రెండు బారల దూరం. అడగవలసిన మాట నోట్లోనే ఉంది. ఎద్దుల మెడలు తిప్పిన గొంతు ఆ వేళ వేదిక మీది దీపపు మంటను కూడా కదిలించలేదు. వెళ్ళి చెయ్యి చాచాను. కంకణం తొడిగారు. సరిగ్గా పట్టింది.

జాబితా చదివారు. పీచు వీధివాళ్ళంతా పదకొండో వీధికి, ఉప్పుమళ్ళ పక్కకు. చదవడం ముగిశాక ప్రభువు రెండోసారి అడిగారు.

"సుఖమేనా?"

నేను వేదిక దిగి జనంలోంచి పోతున్నాను. నా పక్కనే నూకాలు గొంతు వినిపించింది. పైడి చంకలో బట్టల మూటతో పెదవులు బిగించి నిలబడి ఉంది. నూకాలు దాని మోచేతి మీద గిల్లింది.

"గట్టిగా అనవే. ప్రభువుగారి పెత్తనదారు మన వీధోళ్ళ మొకాలే చూస్తన్నాడు."

"సుఖమే!" అంది పైడి.

ఆనాడు మైదానంలో అందరికంటే గట్టిగా కేక వేసింది పీచు వీధివాళ్ళు.

జనం విడిపోతుంటే నూకాలుకు ఎదురుపడ్డాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నేను ఇంతకాలం బతికి ఉండేవాణ్ణి కానేమో. ఆమె నా చేతి కంకణంకేసి చూసింది, నా మొహంకేసి చూసింది.

"బాన పెంకులు దాచే ఉంచాను బాబూ," అంది. "అతికించుకుంటే ఒక మొక్కకి సరిపోద్ది."

"నూకాలూ, నేను అడగబోతూనే ఉన్నాను…"

"తవరు బాగా మాటాడారు. మా వీధి అంత బాగుంటాదని మాకే తెలీదు."

పైడి నాతో మాట్లాడలేదు. మాట్లాడే హక్కు ఆ పిల్లకు ఇంకా రాలేదు కదా.

ఆ సాయంత్రమే పీచు వీధిలోకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. కాళ్ళు తీసుకుపోయాయి. బండ్లు కదిలిపోయాయి. నూతి చప్టా అలాగే ఉంది. దూడను కట్టిన గుంజ ఉంది. ఎర్రగడ్డపు పెద్దమనిషి తనవాళ్ళతో అప్పుడే దిగి, పైడి చెట్టు కింద చాప పరిపించాడు. ఎండలో వచ్చినవాళ్ళు, దాహంతో ఉన్నారు. ఒకడు చెట్టెక్కి గెల నరికాడు. లేత బోండాలు ఒక్కొక్కటే చెక్కుతున్నారు. నన్ను చూడగానే ఆ పెద్దమనిషి ఆనందంగా లేచాడు.

"రండి, రండి! ఈ వీధిని మాకు చూపించింది మీరే కదా. మొదటి గెల. మొదటి కాయ మీరే తాగాలి!"

చేతిలో పెట్టాడు. పొద్దుటినుంచి మాట్లాడి మాట్లాడి నా గొంతు ఎండిపోయి ఉంది.

తాగాను. తియ్యగా ఉంది.

మూడు రోజులు నేను పట్నంలోనే ఉండిపోయాను, ఏరు దాటలేదు. నాలుగోనాడు ఆశ్రమానికి వెళ్ళాను. గురువుగారు పాక ముందు తను పాతిన రెండు మొక్కలకు చెంబుతో నీళ్ళు పోస్తున్నారు. ఇసుక నేల గదా, రెండూ ఆయన నడుము దాటలేదు, పచ్చగా మాత్రం ఉన్నాయి. జరిగినదంతా చెప్పాను. పెద్దది చేయకుండా చెప్పడం నాకు అదే మొదటిసారి. కంకణం సంగతి చెప్పాను, బోండాం సంగతి కూడా చెప్పాను. గురువుగారు నీళ్ళు పోయడం ఆపలేదు.

అయినా నా స్వభావం ఎక్కడికి పోతుంది? ఊరుకోలేకపోయాను.

"స్వామీ, తప్పు నాదే. కాదనను. కానీ ఒక్కటి చెప్పండి. ఇల్లు పోయింది, చెట్టు పోయింది. అయినా ప్రభువు రెండోసారి అడిగినప్పుడు అందరికంటే గట్టిగా 'సుఖమే' అన్నది ఆ వీధివాళ్ళే. ఈ చెవులతో విన్నాను. ఎవరూ ఏడవలేదు. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఇప్పటికే రేవుకు కొత్త ఓడలు రెండు వచ్చాయి. రాజ్యం బలం ఇంకా పెరిగింది. మరి నాలుగేళ్ళ కిందట నేనడిగిన ప్రశ్నకు జవాబేమిటి? వాళ్ళు సుఖంగా ఉన్నట్టా, లేనట్టా?"

గురువుగారు చెంబు బోర్లించి ఆఖరి చుక్క కూడా మొదట్లో పడనిచ్చారు. అప్పుడు నాకేసి తిరిగారు.

"ఆ కేక వేసేటప్పుడు," అన్నారు, "చంకలో మూటలు కింద పెట్టారా?"